సెవిల్ నగరపు దయాసోదరులు



దిక్కులేని ప్రేతమునకు సంస్కారము చేయించినవానికి కోటి యజ్ఞముల ఫలము దక్కునని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ మాట విని తల యూపువారు అనేకులు. శవమును భుజమున కెత్తుకొనువారు మాత్రము ఏ దేశమునందైనను, ఏ కాలమునందైనను కొలదిమందియే. అట్టి కొలదిమంది ఒకచోట కూడి, ఆ పనినే తమ సంఘమునకు మొదటి ధర్మముగా నియమించుకొని, ఐదు శతాబ్దములకు పైగా చెదరక నిలిచిన వృత్తాంత మొకటి స్పెయిను దేశమున, సెవిల్ నగరమున కలదు. పవిత్ర దయాసోదరసంఘమని దానికి పేరు. ఆ సంఘమునుగూర్చియు, దాని ప్రార్థనాలయమునుగూర్చియు నేడు ముచ్చటింపదలచినాను. ఆ యాలయమును చూడబోవువారిలో పెక్కుమంది చిత్రలేఖన వైభవమును మాత్రమే చూచి తిరిగివచ్చెదరు. అచ్చటి పటములు సంఘమువారి నియమావళికి రంగులతో వ్రాసిన వ్యాఖ్యానము లని నా యభిప్రాయము. మూలము తెలియనివానికి వ్యాఖ్యానము ఎంత మనోహరముగా నున్నను సగమే యర్థమగును.

సెవిల్ సముద్రతీరమునందలి పట్టణము కాదు. గ్వదల్కివీర్ నది ఆ నగరము నొరసికొని పారి, దిగువను అట్లాంటిక్ మహాసముద్రమున కలియుచున్నది. పూర్వము ఓడలు ఆ నదిమీదుగనే నగరపు గోడలవరకు వచ్చుచుండెడివి. 1252లో పదవ అల్ఫోన్సో రాజు ఆ నదీతీరమున యుద్ధనౌకల నిర్మాణమునకై ఎత్తైన కమానులతో వరుసవరుసలుగ పదునేడు శాలలను కట్టింపజేసెను. ఆ రాజనౌకాశాలలలో పునీత జార్జి పేర ఒక చిన్న ప్రార్థనాలయ ముండెడిది. 15వ శతాబ్దపు నడిమి కాలమున, నగరపు ప్రధాన దేవాలయమునకు చెందిన పేద్రో మార్తీనెస్ అను మతాధికారి ఈ సోదరసంఘమును నెలకొల్పెనని సంప్రదాయము. నదిలో మునిగి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన శవములును, ఉరికంబమున ప్రాణములు విడిచి బంధువులు సైతము ముట్టుటకు వెరచిన శవములును వారి పాలబడినవి. ఆ కాలపు దండనీతి ప్రాణము తీయుటతో తృప్తి పడునది కాదు. ఘోరాపరాధుల కళేబరములను ఖండించి, జనులకు భయము గలుగునట్లు బాటల ప్రక్క వ్రేలాడగట్టుట ఆచారమై యుండెను. అధికారుల యనుమతి పొంది, ఆ యవశేషముల నేరి తెచ్చి, ప్రార్థనాపూర్వకముగ భూస్థాపితము చేయుట సోదరుల విధి. చనిపోయినవాడు దొంగయో హంతకుడో అను విచారణ న్యాయస్థానముతోనే ముగిసినదనియు, తమ వాకిటికి వచ్చినది కేవలము మానవశరీర మనియు వారు భావించిరి. ఈ ధర్మములన్నియు 1578లో నియమావళిగ రూపొందినవి.

ఇంతలో లోకము మారినది. 1503లో స్పెయిను ప్రభుత్వము అమెరికాఖండపు వర్తకమునంతను సెవిల్ నగరమునుండియే నడుపవలెనని శాసించి, అందులకై ఒక ప్రత్యేక కార్యస్థానమును స్థాపించెను. అది మొదలు కొత్తఖండపు వెండియు బంగారమును ఆ నదిమీదుగ ఆ రేవునకే దిగినవి. సంపద యెచ్చట దిగునో అచ్చటికి సంపద లేనివారును చేరుకొందురు గదా! ఓడ యెక్కుటకు వచ్చి ఎక్కలేక మిగిలినవారు, ఓడ దిగి జబ్బుపడినవారు, పంటలు పోయి పల్లెలు విడిచినవారు, అంగవిహీనులైన సైనికులు, తల్లిదండ్రులు లేని బాలురు నదీతీరపు ఇసుకమీద గుమిగూడిరి. 1649లో ప్లేగుమహమ్మారి విజృంభించి ఆ నగరమున దాదాపు సగముమందిని పొట్టన పెట్టుకొన్నది. శవములను పూడ్చుటయే వ్రతముగా గల సంఘమున కది యెట్టి పరీక్షాకాలమో చెప్పనక్కరలేదు. జార్జి ప్రార్థనాలయము అప్పటికే శిథిలమై యుండెను. పేద్రో సాంచెస్ ఫాల్కొనేతె అను శిల్పి రచనానుసారముగ దానిని మరల కట్ట నారంభించిరి గాని పని నత్తనడక నడచినది.

అట్టి స్థితిలో ఆ సంఘమున ప్రవేశించినవాడు మిగెల్ దె మన్యారా. అతడు 1627లో సెవిల్ నందే జన్మించెను. అతని తండ్రి కోర్సికా ద్వీపమునుండి వచ్చి, అమెరికా వర్తకమున అపారధనము గడించినవాడు. అన్నలు మరణింపగా ఆ యైశ్వర్యమంతయు మిగెల్ పాలబడినది. కలత్రావా వీరసంఘపు సభ్యత్వము బాల్యముననే లభించినది. 1648లో హెరోనిమా అను కులీన కన్యను వివాహమాడెను. 1661లో ఆమె సంతానము లేకయే మరణించినది. ఆ దుఃఖము అతనిని సమూలముగ కదలించినది. కొంతకాలము రోందా పర్వతప్రాంతమున నున్న సన్న్యాసుల మఠమున గడపి, మరలివచ్చి, 1662 చివర దయాసోదరులలో చేరెను. మరుసటి సంవత్సరాంతమున వారతనిని సంఘమునకు జ్యేష్ఠసోదరునిగ నెన్నుకొనిరి. చనిపోవువరకు మరల మరల అతనినే యెన్నుకొనుచు వచ్చిరి.

ఇచ్చట ఒక అపవాదును తీర్చిపోవలసియున్నది. స్త్రీలను వంచించి తుదకు నరకమున గూలిన దోన్ హువాన్ కథకు మన్యారాయే మూలపురుషుడని యూరపులో నొక ప్రవాదము కలదు. ఆ కథను రంగస్థలమున కెక్కించిన నాటకము తిర్సో దె మోలినా రచించినదని ప్రసిద్ధి. అది 1630లో అచ్చుపడినది. అప్పటికి మన్యారా మూడేండ్ల పసివాడు! రెండు శతాబ్దములు గడచిన పిమ్మట, 1834లో, ఫ్రెంచి కథకుడు మెరిమే తన కథలో ఈ యిరువురిని జోడించి వ్రాసెను. అది మొదలు ఆ ముడి వీడలేదు. యౌవనమున మన్యారా ధనమదమునకు లోబడియుండవచ్చును. తన పూర్వజీవితమునుగూర్చి అతడే తరువాత అతికఠోరముగ వ్రాసికొనెను. పశ్చాత్తాపమున పలికిన మాటను సాక్ష్యముగ గైకొని శిక్ష విధించుట కథకులకు చెల్లును గాని చరిత్రకారులకు చెల్లదు.

మన్యారా జ్యేష్ఠసోదరుడైన వెంటనే సంఘము దృష్టి మృతులనుండి జీవించియున్నవారి వైపునకు ప్రసరించినది. రేపు దిక్కులేక చచ్చి మన భుజముల కెక్కబోవువాడు ఈ రాత్రి చలికి వణకుచుండగా చూచి యూరకుండుట ఎట్టి దయ యని అతని ప్రశ్న. సోదరులలో కొందరు సందేహించిరి. శవసంస్కారమునకే చాలని ధనముతో సత్రము నెట్లు నడపుదుమనిరి. అతడు వెనుదీయలేదు. 1664లో నౌకాశాలలలో ఒకదానిని అద్దెకు తీసికొని, నిలువనీడ లేనివారికి రాత్రులందు నిప్పుసెగయు, ఆహారమును, పడకయు లభించునట్లు ఏర్పాటు చేసెను. ఒకప్పుడు యుద్ధనౌకలు తయారైన కమానుల క్రింద బిచ్చగాండ్రు పండుకొనిరి. క్రమముగ ఆ సత్రమే వైద్యశాలయైనది. కుదురని జబ్బులని తక్కిన వైద్యశాలలు త్రోసిపుచ్చినవారికి అందు మంచము లభించినది. రోగి వీథిలో పడియున్నాడని తెలిసినచో సోదరులు సేవకులను పంపక తామే పోయి మోసికొని రావలెను. 1675లో సవరించి ముద్రించిన నియమావళిలో ఈ విధులన్నియు వివరముగ నున్నవి. సంఘమునందలి సభ్యులు సామాన్యులు కారు. జమీందారులు, కోటీశ్వరులైన వర్తకులు, బిరుదాంకితులైన వీరులు. పట్టుబట్టల భుజముమీద పుండ్లతో నిండిన దేహము నెత్తుకొనుమని శాసించుటయందలి కాఠిన్యమును మనము గుర్తింపవలెను.

అయినను ఒకమాట దాచరాదు. పేదవాడు ఎందులకు పేదవాడయ్యెనని ఆ సోదరులు ప్రశ్నించినట్లు కానరాదు. ఏ వర్తకము మన్యారా యింట బంగారము కురిపించినదో ఆ వర్తకమే ఆ యిసుకతిన్నెలమీద జనులను రాశిపోసినది. పేదలు తమకు ముక్తిసోపానములని భావించుటలో ఒక స్వార్థము కూడ లేకపోలేదు. 17వ శతాబ్దపు మనుష్యులను నేటి తర్కముతో తూచుట సులభము. ఆ శతాబ్దపు భుజబలముతో మనలను తూచుకొనుట అంత సులభము కాదు. అందుచేత ఈ విచారణ నింతటితో విడిచి ఆలయమున ప్రవేశింతము.

ఆలయనిర్మాణము 1670 నాటికి పూర్తియైనది. తెల్లని ముఖభాగమున నీలిరంగు పింగాణిపలకలతో కూర్చిన ఐదు చిత్రములు కలవు: విశ్వాసము, ఆశ, దయ అను మూడు సద్గుణముల మూర్తులును, పునీత జార్జియు, స్పెయిను దేశమునకు రక్షకుడని ప్రసిద్ధి గన్న పునీత యాకోబును. లోపల అడుగు పెట్టగనే, గాయకుల వేదిక క్రింది అరచీకటిలో, ఇరుప్రక్కల వాల్దేస్ లెయాల్ చిత్రించిన రెండు పటములు కనబడును. ఒకదానియందు అస్థిపంజర మొకటి చంకన శవపేటికను, చేత కొడవలిని ధరించి, భూగోళముపై కాలు మోపి, దీపమును ఆర్పుచున్నది. దాని పాదముల చెంత కిరీటములు, కవచములు, గ్రంథములు, వీరఖడ్గములు చెల్లాచెదరై యున్నవి. రెండవదానియందు సమాధిగృహము, తెరచిన పేటికలో వస్త్రాలంకృతుడైన బిషప్పు శరీరము పురుగులు పట్టి కృశించుచుండ, దాని వెనుక కలత్రావా వీరుని శవము పడియున్నది. ఆ వీరసంఘము మన్యారా సంఘమే యని మరువరాదు. పైన మేకు గాయము గల హస్తమొకటి త్రాసును పట్టియున్నది. ఒక తట్టలో పాపములకు సంకేతములైన జంతువులు, వేరొక తట్టలో జపమాల, రొట్టె, గ్రంథములు. తట్టలు రెండును సరిసమానముగ నిలిచియున్నవి. ఈ పటముల దుర్గంధము ముక్కున కెక్కుచున్నదని, అదే ఆలయమునకు పటములు వ్రాసిన చిత్రకారుడు మురిల్లో పరిహసించెనని ఒక చాటుకథ. సత్యమో కాదో గాని, సంఘమువారు వాల్దేస్ లెయాలునకు చెల్లించిన 5,740 రెయాలులు మాత్రము లెక్కకెక్కినవి.

త్రాసు సమముగ నిలిచినది గదా, దానిని మొగ్గింపజేయున దేది? దానికి సమాధానము నాలుగడుగులు ముందునకు నడచినచో గోడలమీద కనబడును. మత్తయి సువార్తయందు క్రీస్తు అంత్యతీర్పును వర్ణించుచు ఆరు కరుణాకార్యములను చెప్పియున్నాడు: ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, వస్త్రహీనునకు వస్త్రము, పరదేశికి ఆశ్రయము, రోగికి పరామర్శ, చెరయందున్నవానికి దర్శనము. ఈ యారింటిని చిత్రించు పని బార్తొలొమే మురిల్లోకు లభించినది. అతడు 1665లో స్వయముగ ఈ సంఘమున సభ్యుడైనవాడు. కావుననే బయటి చిత్రకారుని కందని యాత్మీయత ఆ పటములలో తోచును. ఐదు రొట్టెలతో వేలమందిని తృప్తిపరచిన యద్భుతము అన్నదానమునకు. మోషే బండను కొట్టి నీరు రప్పించుట జలదానమునకు. ఈ రెండును మిక్కిలి పెద్దపటములు, ఆలయమధ్యమున ఎదురెదురుగ నెత్తున నున్నవి. తప్పిపోయిన కుమారుడు తిరిగిరాగా తండ్రి శ్రేష్ఠవస్త్రము తెండని యాజ్ఞాపించుట వస్త్రదానమునకు. అబ్రహాము ముగ్గురు దేవదూతలను అతిథులుగ నాహ్వానించుట ఆశ్రయమునకు. బేతెస్ద కోనేటి యొడ్డున క్రీస్తు పక్షవాతరోగిని లేపుట రోగిపరామర్శకు. దేవదూత పేతురును చెరసాలనుండి విడిపించుట బందీల దర్శనమునకు. మోషేచిత్రమును చూచినపుడు నాకు ఎల్లప్పుడు తోచునది యొకటి: అద్భుతము చేసిన మహాపురుషునికంటె, నీటికై యెగబడి కుండలు ముంచు తల్లులును, త్రాగుటకు తొందరపడు బిడ్డలును చిత్రకారుని మనస్సును హెచ్చుగ నాకర్షించిరి. ఆ ముఖములను అతడు సెవిల్ వీథులలో చూచియుండును.

ఇవి గాక ప్రక్క పీఠములకై మురిల్లో మరి రెండు పటములను వ్రాసెను. ఒకటి, దేవదూత తోడ్పడుచుండ చీకటిలో రోగిని వీపున మోసికొనిపోవు పునీత యోహాను. రెండవది, రాజకుమార్తెయైన హంగెరీ ఎలిజబెత్తు తన చేతులతో ఒక బాలుని తలమీది పుండ్లు కడుగుచున్న చిత్రము. మోసికొనిరండు, కడుగుడు అని నియమావళి శాసించిన రెండు పనులే యవి. ఈ యెనిమిది పటములకును మురిల్లో పుచ్చుకొన్నది 78,115 రెయాలులు.

కరుణాకార్యములు సువార్తలో ఆరే గాని క్రైస్తవసంప్రదాయమున ఏడు. ఏడవది మృతులను పూడ్చుట. తోబీతు గ్రంథమున ఆ పుణ్యకార్యము ప్రశంసింపబడినది. దానిని పటముగ వ్రాయింపక, ప్రధానపీఠమున నిలువెత్తు శిల్పముగ నిలిపిరి. బెర్నార్దో సిమోన్ దె పినేదా మందిరాకారమున మలచిన పీఠమునందు, పేద్రో రోల్దాన్ చెక్కిన దారుమూర్తులు క్రీస్తుదేహమును సమాధియందు దించుచున్నవి. వానికి రంగులు పూసినవాడు మరల వాల్దేస్ లెయాలే. 1674 నాటికి అది సమాప్తమైనది. దాని ముందు నిలిచిన సోదరుడు ఏమి గ్రహించెడివాడో యూహింపుడు: ఉరికంబమునుండి దించబడిన యొక దండితుని శరీరమును కొందరు దయాళువులు భక్తితో పూడ్చుచున్నారు! సంఘము పుట్టిననాటి పనియే ఆలయమున అత్యున్నతస్థానమున నున్నది. ఇంతటి పొందిక గల యాలయరచన, ఒక్కొక్క వస్తువును తన స్థానమునుండి కదలించుటకు వీలులేని యేర్పాటు, యూరపుఖండమున నరుదని నా యెఱుక. తుదకు వెలుపలికి వచ్చుటకు వెనుదిరిగినవానికి గాయకుల వేదికపైన వాల్దేస్ లెయాల్ 1680 తరువాత వ్రాసిన పెద్దపటము ఎదురగును. హిరాక్లియస్ చక్రవర్తి సిలువను మోసికొని యెరూషలేము ద్వారమునకు రాగా, రాజవేషము తీసివేసిన గాని లోనికి ప్రవేశము లేదని నిరోధింపబడిన ఘట్టమది. ధనవంతులు ఇండ్లకు పోవుచు చూడవలసిన దృశ్యమని దానినక్కడ నుంచిరి.

మన్యారా 1679 మే 9వ తేదీన మరణించెను. తన్ను ఆలయద్వారమున, వచ్చిపోవువారందరు త్రొక్కునట్లు పూడ్చవలెననియు, లోకమున పుట్టినవారిలో పరమనీచుని యెముకలిచ్చట నున్నవని రాతిపై చెక్కింపవలెననియు మరణశాసనమున కోరెను. అట్లే చేసిరి. కాని సోదరులకు మనసొప్పలేదు. ఆ సంవత్సరాంతముననే యాతని దేహమును ప్రధానపీఠము క్రింది నేలమాళిగకు మార్చిరి. రాయి మాత్రము వాకిటనే యున్నది. మఱుసటి యేడే అతనిని పునీతునిగ ప్రకటింపవలెనను ప్రయత్నము మొదలైనది. అతని సుగుణములను రోము నగరము అధికారికముగ అంగీకరించుటకు 1985 వచ్చినది. మతసంస్థల కాలగణనము మన పంచాంగములకు లొంగునది కాదు.

1810 ఫిబ్రవరిలో నెపోలియను సేనలు సెవిల్ ప్రవేశించినవి. వాని సేనాపతి మార్షల్ సూల్ట్ చిత్రకళారసికుడు. రసికత్వమునకు తుపాకి తోడైనచో నేమగునో ఆ నగరము చూచినది. మఠములనుండియు ఆలయములనుండియు దాదాపు వేయి పటములను రాజప్రాసాదమున ప్రోగుచేసిరి. మన ఆలయమునుండి మురిల్లో ఆరు పటములలో నాలుగింటిని సూల్ట్ తన సొంతమునకే తీసికొనిపోయెను. మోషేయు, రొట్టెలును గోడమీద మిగిలినవి. ఎలిజబెత్తు పటము పారిసువరకు పోయి, యుద్ధానంతరము స్పెయినునకు మరలివచ్చినది గాని మద్రీదు నగరమున నిలిచిపోయి, 1939లో గాని సెవిల్ చేరలేదు. పరులు కొల్లగొన్న సొత్తు ఐదేండ్లలో మరలివచ్చి, స్వదేశపు రాజధానిలో నూటయిరువది యేండ్లు చిక్కుకొన్న విచిత్రమిది! తక్కిన నాలుగును రానేలేదు. సూల్ట్ 1835లో రెండింటిని ఆంగ్లప్రభువొకనికి విక్రయించెను. పేతురు పటమును, ఆతని మరణానంతరము 1852లో జరిగిన వేలమున, రష్యా చక్రవర్తి కొనిపించెను. నేడు తప్పిపోయిన కుమారుడు వాషింగ్టనున, అబ్రహాము ఒట్టావాయందు, పక్షవాతరోగి లండనున, పేతురు సెయింట్ పీటర్స్‌బర్గున నున్నారు. వారి స్థానములలో ప్రతికృతులను నిలిపిరి. తప్పిపోయిన కుమారుడైన నింటికి రాకపోయెనే యని సెవిల్ వాసులు చింతింతురేని వారిని తప్పుపట్టలేము.

కొల్లగొన్నవానినుండి కొన్నవారు న్యాయముగనే కొనియుండవచ్చును. ఆ ప్రదర్శనశాలలు వానిని శ్రద్ధతో కాపాడుచున్నవనుటయు నిజమే. అయినను ఆ పటములు వ్రాయబడినది రసికుల వినోదమునకు కాదు, పక్కగదిలో మూలుగుచున్న రోగి దగ్గరకు పోవలసిన సోదరుని కాళ్లకు కదలిక కలిగించుటకు. అందుచేత అవి తిరిగి ఆ గోడలకే చేరవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఆ పక్కగదులు నేటికిని ఖాళీగ లేవు. ఉరితీతలు పోయినవి, ఓడల వైభవము పోయినది. ఆదరించువారు లేని వృద్ధులను మాత్రము ఆ సోదరులు ఇప్పటికిని ఆ కమానుల నీడనే పోషించుచున్నారు. మన తెలుగుబిడ్డలు వాషింగ్టనునందును, లండనునందును వేలకొలది కలరు. వారిలో ఎవరైనను ఆ ప్రదర్శనశాలలకు పోయినపుడు మురిల్లో పటము ముందొకింత నిలిచి, అది యే యింటినుండి వచ్చినదో తోడివారికి చెప్పవలెనని నా మనవి. సెవిల్ కే పోగలిగిన భాగ్యవంతులు ఆలయపు ప్రవేశరుసుము చెల్లించుటకు సంకోచింపవలదు. ఆ సొమ్ము ఆ వృద్ధుల యింటి ఖర్చులకే తోడ్పడుచున్నది.